కంట్రాక్టరు చాటున ప్రధాన యజమాని

ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ 2015 సెప్టెంబరు 25వ తేదీన 17 సుస్థిర అభివృద్ధి లక్ష్యాలను, వాటి క్రింద 169 ఉపలక్ష్యాలను ఆమోదించి, వాటి సాధనకు 2030ని గడువుగా నిర్ణయించినది. గడువు సమీపిస్తున్న కొద్దీ ఈ మాట మంత్రుల ప్రసంగాలలోను, కంపెనీల వార్షిక నివేదికలలోను మరింత తరచుగా వినవస్తున్నది. దీనికి తోడుగా ‘బాధ్యతాయుత వ్యాపార ప్రవర్తన’ అనే మరొక మాట కూడా ప్రచారంలోకి వచ్చినది. రాత్రి డ్యూటీ దిగి ఇల్లు చేరే పాయింట్స్‌మన్, సంచి భుజాన వేసుకొని బీటుకు బయలుదేరే పోస్టుమాన్ ఈ మాటలు తమ కోసం పుట్టినవి కావని తలచితే వారిని తప్పుపట్టలేము. అయినప్పటికీ వీటిని పక్కకు నెట్టివేయడం పొరపాటని, చేతిలోకి తీసుకొని మన యజమాని ముందే పరచవలసి ఉన్నదని మా అభిప్రాయం.

ఎనిమిదవ లక్ష్యం గౌరవప్రదమైన పనికి సంబంధించినది. అందులోని ఎనిమిదవ ఉపలక్ష్యం కార్మికులందరి హక్కులను కాపాడాలని, సురక్షితమైన పని పరిస్థితులు కల్పించాలని చెబుతూ, వలస కార్మికులను, వారిలోను స్త్రీలను, నిలకడలేని కొలువులలో ఉన్నవారిని ప్రత్యేకించి పేర్కొన్నది. అది నెరవేరుతున్నదా లేదా అని తేల్చే కొలబద్దలు రెండు. ఒకటి పనిలో జరిగే ప్రమాదాల లెక్క. రెండవది సంఘం పెట్టుకునే స్వేచ్ఛ, సామూహిక బేరసారాల హక్కు ఆ దేశంలో ఏ మేరకు అమలవుతున్నవనేది. అనగా కార్మిక సంఘానికి చోటులేని అభివృద్ధి సుస్థిరమైనది కాదని ఆ పత్రమే ఒప్పుకున్నది. మన నీతి ఆయోగ్ 2021 జూన్‌లో వెలువరించిన దేశీయ సూచికను చూడండి. ఎనిమిదవ లక్ష్యం క్రింద నిరుద్యోగం లెక్క ఉన్నది, సాంఘిక భద్రత లేని జీతగాండ్ర శాతం ఉన్నది. వాటితోపాటు వ్యాపార సౌలభ్యానికి మార్కు ఉన్నది, లక్ష జనాభాకు ఎన్ని ఏ.టి.ఎం.లన్న లెక్క కూడా ఉన్నది. సంఘ స్వేచ్ఛకు మాత్రం గడి లేదు. ఏ.టి.ఎం. గౌరవప్రదమైన పనికి కొలబద్ద ఎట్లయినదో, రాత్రంతా దానికి కాపలా కాసే కంట్రాక్టు వాచ్‌మన్‌ను అడిగితే తెలియవచ్చును.

ఇక వ్యాపార ప్రవర్తన మాట. ఇది కొత్తదేమీ కాదు. బహుళజాతి సంస్థల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1977లోనే త్రైపాక్షిక ప్రకటన చేసినది. 2011లో ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల మండలి మార్గదర్శక సూత్రాలను ఆమోదించినది. హక్కులను రక్షించడం రాజ్యం విధి, గౌరవించడం వ్యాపార సంస్థ బాధ్యత, నష్టపోయిన వానికి పరిహారం దొరకాలి అన్నవి వాటి మూడు స్తంభాలు. సంస్థ తన గేటు లోపల జరిగేదానికే కాక, తన సరఫరాదారుల వద్ద, కంట్రాక్టర్ల వద్ద జరిగేదానిని కూడా ముందుగా విచారించుకొని కీడును నివారించాలన్నది వీటి సారం. మన దేశంలో కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2019 మార్చిలో తొమ్మిది సూత్రాలతో జాతీయ మార్గదర్శకాలు ప్రకటించినది. మూడవ సూత్రం ఉద్యోగులందరి క్షేమాన్ని, సరఫరా గొలుసులో ఉన్నవారి క్షేమాన్ని కలిపి చెబుతున్నది. వీటిని అనుసరించి, షేర్ మార్కెట్టులో నమోదైన కంపెనీలలో మొదటి వెయ్యీ ఏటేటా ఒక నివేదిక దాఖలు చేయాలని సెబీ 2021లో ఆదేశించినది. 2022-23 నుండి అది తప్పనిసరి అయినది. శాశ్వత కార్మికులెందరు, తక్కినవారెందరు, కనీస వేతనం ఎందరికి అందుతున్నది, గుర్తింపు పొందిన సంఘాలలో ఎందరు సభ్యులు అని ఆ పత్రం అడుగుతున్నది. రైల్వే మంత్రిత్వ శాఖ క్రింది కంపెనీలలో ఐ.ఆర్.సి.టి.సి., ఆర్.వి.ఎన్.ఎల్., కాంకర్ వంటివి షేర్ మార్కెట్టులో ఉన్నవే గనుక వాటికీ ఇది వర్తిస్తుంది. ఆ నివేదికలు బహిరంగ పత్రాలు. మనలో ఎందరు వాటిని తెరిచి చూచినారు?

కాని ప్రయివేటు కంపెనీని ఇన్ని ప్రశ్నలడిగే ప్రభుత్వం తనను తాను ఏ ప్రశ్నా అడుగుకొనదు. రైల్వే శాఖ కంపెనీ కాదు. తపాలా శాఖ కంపెనీ కాదు. అందుచేత లక్షలాది మందికి పని ఇచ్చే ఈ రెండు శాఖలు ఆ పత్రం నింపనక్కరలేదు. 2011 నాటి మార్గదర్శక సూత్రాలలో నాల్గవది ప్రభుత్వ యాజమాన్యంలోని సంస్థల విషయంలో రాజ్యం మరింత జాగ్రత్త వహించాలన్నది. ఆరవది ప్రభుత్వం ఎవరితో కొనుగోలు, కంట్రాక్టు వ్యవహారాలు జరుపుతున్నదో వారు హక్కులను గౌరవించేటట్లు చూడాలన్నది. మన సంఘాలు ఈ రెండు సూత్రాలనైనా కంఠస్థం చేయడం మంచిది.

స్వచ్ఛంద నియమావళి, సర్టిఫికెట్టు మాత్రమే ఉండి సంఘం లేనిచోట ఏమవుతుందో దక్షిణాసియా చెప్పగలదు. 2012 సెప్టెంబరు 11న కరాచీలో అలీ ఎంటర్‌ప్రైజెస్ బట్టల ఫ్యాక్టరీ తగులబడి 250 మందికి పైగా మరణించారు. కొద్ది వారాల ముందే ఆ ఫ్యాక్టరీకి కార్మిక ప్రమాణాలు సక్రమంగా ఉన్నవని అంతర్జాతీయ సర్టిఫికెట్టు వచ్చినది. నిప్పు ఎవరు పెట్టారన్నది పాకిస్తాన్ న్యాయస్థానాలు విచారించిన వేరే విషయం. బయటికి పోయే తలుపులు మూసి ఉన్నవి, కిటికీలకు ఇనుప చువ్వలున్నవి; సర్టిఫికెట్టు వ్రాసినవారి కంటికి అవి కనబడలేదు. లోపల పనిచేసేవారికి అవి ప్రతిదినం కనబడినవే. కాని చెప్పగల సంఘం అక్కడ లేదు. మరుసటి ఏడు ఏప్రిల్ 24న ఢాకా సమీపాన సావార్‌లో రాణా ప్లాజా కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. ముందురోజే గోడలు బీటలు వారినవి. క్రింది అంతస్తులోని బ్యాంకు తన సిబ్బందిని పంపివేసినది. బట్టలు కుట్టేవారిని మాత్రం మరునాడు పనిలోకి పిలిచారు. నెల రోజులు తిరగకముందే అంతర్జాతీయ కార్మిక సమాఖ్యలు విదేశీ బ్రాండు కంపెనీలతో ఒక ఒప్పందం మీద సంతకాలు చేయించినవి. సంతకం చేసిన సమాఖ్యలలో యూనీ ఒకటి. అనేక దేశాల తపాలా సంఘాలు దానిలో సభ్యులు. ఈ ఒప్పందం మునుపటి నియమావళుల వంటిది కాదు. మాట తప్పిన కంపెనీని మధ్యవర్తిత్వానికి ఈడ్చి, కోర్టు ద్వారా అమలు జరిపించవచ్చును. దాని క్రింద బంగ్లాదేశ్‌లో 1,600కు పైబడిన ఫ్యాక్టరీలు తనిఖీ అయినవి. సంతకంలో సంఘం వాటా ఉన్నందువలననే అది కాగితంగా మిగలలేదు.

రాణా ప్లాజా శిథిలాల నుండే మరొక చట్టం పుట్టినది. అది మన తపాలా సోదరులకు మరీ దగ్గరిది. ఫ్రాన్సు 2017 మార్చిలో, పెద్ద కంపెనీలు తమ కంట్రాక్టర్ల వద్ద జరిగే హక్కుల ఉల్లంఘనకు ముందే కాపు కాయాలని, అందుకు ప్రణాళిక వ్రాసి ప్రకటించాలని చట్టం చేసినది. ఆ చట్టం క్రింద న్యాయస్థానం పూర్తి విచారణ జరిపి తీర్పు చెప్పిన మొదటి ప్రతివాది చమురు కంపెనీయో బట్టల కంపెనీయో కాదు, అక్కడి తపాలా సంస్థ ‘లా పోస్ట్’. వాది సుద్ పి.టి.టి. అనే తపాలా ఉద్యోగుల సంఘం. పార్సెళ్ళు వేరుచేసే కేంద్రాలలో కంట్రాక్టర్లు, వారి క్రింది కంట్రాక్టర్లు చట్టబద్ధమైన కాగితాలు లేని వలస కార్మికులను పెట్టి పనిచేయిస్తున్నారని, తపాలా సంస్థ ప్రణాళికలో దీని ఊసే సరిగా లేదని సంఘం 2021లో దావా వేసినది. 2023 డిసెంబరు 5న పారిస్ న్యాయస్థానం తీర్పు ఇచ్చినది. ప్రమాదాలు ఎక్కడెక్కడ ఉన్నవో నిర్దిష్టంగా గుర్తించాలని, దానిని బట్టి కంట్రాక్టర్లను పరిశీలించాలని, ఫిర్యాదు చేసే ఏర్పాటును కార్మిక సంఘాలతో సంప్రదించి నెలకొల్పాలని ఆదేశించినది. 2025 జూన్‌లో అప్పీలు న్యాయస్థానం కూడా దీనిని ఖాయపరచినది. సంఘం కోరినదంతా దక్కలేదు. కంట్రాక్టర్ల పేర్ల జాబితా ప్రకటించాలన్న కోరికను కోర్టు త్రోసిపుచ్చినది. రోజుకింత అని జరిమానా కూడా వేయలేదు. ఈ బాటలో 2024లో చట్టం చేసిన ఐరోపా సమాజం సైతం మరుసటి ఏడాదే దాని అమలు తేదీని వెనక్కు నెట్టినది. గాలి ఎటు వీస్తున్నదో మనం ఎరుగకపోలేదు. అయినా ఒక సంగతి నిలిచినది. శాశ్వత ఉద్యోగులు తమ జీతం కోసం కాక, తమ ప్రక్కనే నిలబడి పార్సెళ్ళు మోసే, తమ సంఘంలో సభ్యత్వం లేని, భాష కూడా సరిగా రాని మనుషుల కోసం తమ యజమానిని కోర్టుకీడ్చి గెలిచారు.

ఇక మన ఇంటి సంగతి చూద్దాం. 1974 మే 8న ప్రారంభమై 20 రోజులు సాగిన రైల్వే సమ్మెను మనం ప్రతి ఏటా స్మరించుకుంటాము. దాదాపు 17 లక్షల మంది ఉద్యోగులున్న సంస్థను కదిలించిన ఆ సమ్మె కోర్కెలలో బోనసు, కరువు భత్యం ఉన్నవి. క్యాజువల్ కార్మికులను ఖాయం చేయాలన్నది కూడా ఉన్నది. ఖాయమైన ఉద్యోగి తన నౌకరీని పణంగా పెట్టి, ఖాయం కాని వానికోసం కూడా సమ్మె చేసినాడు. ఆ కోర్కె సమ్మెతో నెరవేరలేదు గాని దాని బలం వృథా పోలేదు. 1985లో ఇందర్‌పాల్ యాదవ్ కేసులో రైల్వే ప్రాజెక్టు క్యాజువల్ కార్మికులను ఖాయపరచే పథకాన్ని సుప్రీం కోర్టు ఆమోదించినది. 1987 అక్టోబరులో తపాలా తంతి శాఖ దినసరి కార్మికుల కేసులో, వారికి రెగ్యులర్ ఉద్యోగుల కనీస స్కేలుకు సమానమైన కూలి ఇవ్వాలని, ఖాయపరచే పథకం తయారు చేయాలని ఆదేశించినది.

ఆనాటి క్యాజువల్ కార్మికునికి ఒక్క ఆధారం ఉండేది. కూలి ఇచ్చేది రైల్వేయే, తపాలా శాఖే. యజమాని ఎవరన్న తగాదా లేదు. తరువాతి కాలంలో ఆ ఆధారాన్నే తెగగొట్టినారు. మనిషికి, శాఖకు నడుమ కంట్రాక్టరు వచ్చి కూర్చున్నాడు. కంట్రాక్టు నిషేధమైనంత మాత్రాన కార్మికుడు ప్రధాన యజమాని ఉద్యోగి అయిపోడని 2001 ఆగస్టులో స్టీల్ అథారిటీ కేసులో సుప్రీం కోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పిన తరువాత ఆ గోడ మరింత ఎత్తయినది. ప్లాట్‌ఫారం ఊడ్చేవారు, బోగీలు కడిగేవారు, దుప్పట్లు ఉతికేవారు, వంటశాలలో పనిచేసేవారు, రాళ్ళు సర్ది పట్టాలు మార్చే కూలీలు, పార్సెళ్ళు ఎత్తి దించేవారు, ఇట్లా స్టేషను నిండా కంట్రాక్టరు మనుషులే. కాకోద్కర్ కమిటీ 2012 నివేదిక ప్రకారం 2007-08 నుండి 2011 అక్టోబరు వరకు దాదాపు 1,600 మంది రైల్వే సిబ్బంది విధి నిర్వహణలో ప్రాణాలు కోల్పోయారు. అది రైల్వే సిబ్బంది లెక్క. కంట్రాక్టరు కూలీ పట్టాల మీద చనిపోతే ఏ పట్టికలో చేరుతున్నాడు?

2025 నవంబరు 21 నుండి నాలుగు లేబర్ కోడ్‌లు అమలులోకి వచ్చినవి. వీటి మీద కార్మికోద్యమం వైఖరి సుపరిచితమే గనుక దానినంతా ఇక్కడ వల్లించబోము. కంట్రాక్టు కార్మికుల వరకు చూస్తే, 1970 నాటి చట్టం 20 మంది ఉన్న చోటనే వర్తించేది. కొత్త కోడ్‌లో ఆ సంఖ్య 50 అయినది. నలభై తొమ్మిది మందితో ఎన్ని కంట్రాక్టులైనా వ్రాసుకోవచ్చునన్నమాట. సంస్థ ముఖ్య కార్యకలాపాలలో కంట్రాక్టు పనివారిని పెట్టరాదని ఒక ప్రక్క చెబుతూనే, ఊడ్చడం, కాపలా, క్యాంటీను, ఎత్తుడు దించుడు, ఉతకడం, నిర్మాణం మరమ్మతు మొదలైనవి సంస్థ స్థాపనే వాటి కోసం అయితే తప్ప ముఖ్య కార్యకలాపాలు కావని వ్రాసినారు. పైన మనం చెప్పుకున్న పనుల జాబితాను దీని ప్రక్కన పెట్టి చూడండి. ఏది ముఖ్యమో కాదో వివాదం వస్తే తేల్చవలసినది సంబంధిత ప్రభుత్వం. రైల్వేకు, తపాలాకు సంబంధిత ప్రభుత్వం కేంద్రమే, యజమానీ కేంద్రమే.

అయితే అదే కోడ్‌లో మనకు పట్టు దొరికే చోట్లు కూడా ఉన్నవి. కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు ఈ కోడ్ వర్తించదంటూనే, అక్కడ కంట్రాక్టరు ద్వారా పనిచేసేవారికి, ప్రభుత్వమే ప్రధాన యజమాని అయినప్పుడు, వర్తిస్తుందని మినహాయింపు వ్రాసినారు. తాగునీరు, విశ్రాంతి గది, ప్రథమ చికిత్స వంటి సదుపాయాల బాధ్యత ప్రధాన యజమానిదే అన్నారు. కంట్రాక్టరు కూలి ఎగవేస్తే ప్రధాన యజమాని చెల్లించి, తరువాత అతని నుండి రాబట్టుకోవాలన్న 1970 నాటి నియమం నిలిచి ఉన్నది. కూలి చెల్లింపు వివరాలను కంట్రాక్టర్లు నమోదు చేయడానికి రైల్వే శాఖ 2018లో శ్రామిక్ కల్యాణ్ పోర్టల్ పెట్టినది. అందులో వ్రాసేది కంట్రాక్టరు, చూచేది అధికారి. డబ్బు ఖాతాలో పడిన సాయంత్రమే కొంత వెనక్కు ఇచ్చి వచ్చే కార్మికుని సంగతి ఆ పోర్టల్‌కు ఎవరు చెబుతారు?

తపాలా శాఖలో మరొక రీతి ఉన్నది. అక్కడ కంట్రాక్టరు లేకుండానే యజమాని తప్పుకున్నాడు. దేశంలోని 1,64,000కు పైబడిన పోస్టాఫీసులలో అత్యధికం గ్రామాలలోని బ్రాంచి ఆఫీసులే. వాటిని నడిపే రెండున్నర లక్షల పైచిలుకు గ్రామీణ డాక్ సేవకులు నియమాల ప్రకారం రెగ్యులర్ ప్రభుత్వోద్యోగులు కారు. వారు సివిల్ పోస్టులో ఉన్నవారేనని 1977లో రాజమ్మ కేసులో సుప్రీం కోర్టు చెప్పి అర్ధశతాబ్దం కావస్తున్నా పింఛను లేదు, స్కేలు లేదు. 2018 జులై 1 నుండి అమలైన సవరణలో నాలుగు గంటల పనికి బ్రాంచి పోస్టుమాస్టరుకు 12,000, సహాయకునికి 10,000 రూపాయల భత్యంతో మొదలు. లక్ష్యం ఎనిమిదిలోని అయిదవ ఉపలక్ష్యం సమాన విలువగల పనికి సమాన వేతనం 2030 నాటికి అన్నది. ఆ గడువు మన పల్లె పోస్టాఫీసు గడప దాటి లోపలికి రావలసి ఉన్నది.

ప్రభుత్వం తలచుకుంటే కాదా అంటే, అయిన దాఖలా కూడా ఉన్నది. పట్టాల మీది మలాన్ని మనుషుల చేత ఎత్తించే దురాచారం రైల్వేను దశాబ్దాలపాటు తలదించుకునేటట్లు చేసినది. కోలార్ బంగారు గనుల తెలుగు సఫాయి కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, ఆయన సహచరులు సాగించిన పోరాటం, 2013 నాటి నిషేధ చట్టం, 2014 మార్చి 27 నాటి సుప్రీం కోర్టు తీర్పు కలిసి ఒత్తిడి తెచ్చినవి. రైల్వే తన ప్రయాణికుల బోగీలన్నిటికీ బయో టాయిలెట్లు అమర్చినది. శుభ్రత లక్ష్యం, శ్రమ గౌరవం లక్ష్యం ఒకే ఖర్చుతో ముందుకు జరిగినవి. ఆ ఖర్చును వార్షిక నివేదికలో పర్యావరణ విజయంగా వ్రాసుకున్నవారు, ఇప్పుడు ఆ టాయిలెట్లను కడిగే చేతులు ఎవరి జీతపు రిజిస్టరులో ఉన్నవో కూడా వ్రాయాలి.

సంఘ స్వేచ్ఛ కొలబద్ద దగ్గర మన దేశం తడబడడానికి కారణం మనమేనట. అంతర్జాతీయ కార్మిక సంస్థకు భారతదేశం 1919 నుండి వ్యవస్థాపక సభ్య దేశం. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను సంఘటితపరచిన మన వి.వి. గిరిగారు 1927లోనే కార్మిక ప్రతినిధిగా జెనీవా సభకు వెళ్ళివచ్చారు. అంత చరిత్ర ఉండికూడా సంఘ స్వేచ్ఛకు సంబంధించిన 87వ ఒడంబడికను, బేరసారాల హక్కుకు సంబంధించిన 98వ ఒడంబడికను దేశం ధ్రువీకరించలేదు. ధ్రువీకరిస్తే ప్రభుత్వోద్యోగులకు సమ్మె చేసే హక్కు, ప్రభుత్వ విధానాలను బాహాటంగా విమర్శించే హక్కు ఇవ్వవలసి వస్తుందన్నది ప్రభుత్వం చెబుతూ వచ్చిన కారణం. కాని రాజ్యపాలన నెరపే అధికారులకు తాను వర్తించనని 98వ ఒడంబడిక ఆరవ అధికరణమే చెబుతున్నది. ఇంజను నడిపే లోకో పైలట్, మనియార్డరు పంచే పోస్టుమాన్ రాజ్యపాలన నెరపుతున్నారా? ఈ రక్షణ లేనందువలన గుర్తింపు అనేది దయాభిక్షగా మిగిలినది. 2023 ఏప్రిల్‌లో తపాలా శాఖ జాతీయ తపాలా ఉద్యోగుల సమాఖ్యకు, దాని గ్రూప్ సి సంఘానికి గుర్తింపును రద్దు చేసినప్పుడు, సంఘనిధిని రైతు ఉద్యమానికి సహాయంగా ఇవ్వడం ఆరోపణలలో ఒకటి. రాజకీయంగా ఎవరు ఎటున్నా, సభ్యుల చందాను ఎవరికి ఇవ్వాలో సభ్యులు నిర్ణయించుకోలేని చోట సంఘ స్వేచ్ఛ ఎన్ని మార్కులకు అర్హమో పాఠకులే వేసుకోవచ్చును.

యజమానిని ఇంతగా నిలదీసిన తరువాత మన తప్పు చెప్పకపోవడం న్యాయం కాదు. మన శాఖా కార్యాలయం గదిని ఊడ్చే స్త్రీ పేరు మనలో ఎందరికి తెలియదో! ఆమె కంట్రాక్టరు మనిషి గనుక ఆమెకు మన సభ్యత్వం లేదు. సభ్యత్వం లేదు గనుక ఆమె ఫిర్యాదు మన ఎజెండాలోకి రాదు. ‘వాళ్ళు మనవాళ్ళు కారు’ అన్న మాట కంట్రాక్టరు నోట వినడం సహజం. మన నోట వినవలసి రావడం సిగ్గుచేటు. ఖాళీ అయిన ప్రతి పోస్టునూ కంట్రాక్టుకు అప్పగిస్తున్న కాలంలో ఆ మాట మన కాలి క్రింది నేలనే త్రవ్వుతున్నది.

అందుచేత సమాఖ్యలోని ప్రతి శాఖా వచ్చే త్రైమాసికంలో తన పరిధిలోని స్టేషను, షెడ్డు, డిపో, సార్టింగు ఆఫీసు, హెడ్ పోస్టాఫీసులలో పనిచేస్తున్న కంట్రాక్టర్ల పేర్లు, ఒక్కొక్కరి క్రింద ఎందరున్నారు, కంట్రాక్టు ఎప్పుడు ముగుస్తుంది అన్న వివరాలు సేకరించాలి. అధికారి ఇవ్వకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం క్రింద దరఖాస్తు పెట్టాలి. ప్రతి కంట్రాక్టు కార్మికుని పి.ఎఫ్. నంబరు, కూలి చీటి ఉన్నవో లేవో అడిగి వ్రాసుకోవాలి. లేనిచోట ప్రధాన యజమాని పేరుతోనే ప్రాంతీయ లేబర్ కమిషనర్‌కు ఫిర్యాదు చేయాలి. కంట్రాక్టరు పేరు రెండవ ప్రతివాదిగా ఉంటే చాలును. షేర్ మార్కెట్టులో ఉన్న రైల్వే కంపెనీల నివేదికలలో వ్రాసిన అంకెలను మన అంకెలతో సరిచూడాలి. కంట్రాక్టు కార్మికులకు, డాక్ సేవకులకు సభ్యత్వం ఇవ్వడానికి నియమావళి అడ్డుగా ఉన్న అనుబంధ సంఘాలు సవరణ ముసాయిదాను ముందుగానే పంపాలి. నియమం ఒప్పుకోనిచోట వారి ప్రత్యేక సంఘానికి మన ఆఫీసు గదిలో ఒక బల్ల, బీరువాలో ఒక అర ఇవ్వడానికి ఏ సవరణా అక్కరలేదు. ఈ వివరాల పట్టికతో శాఖా కార్యదర్శులు రాబోయే కార్యవర్గ సమావేశానికి హాజరు కావలెను. పట్టిక తేని శాఖ నుండి ఆ కారణం వ్రాతపూర్వకంగా కోరబడుతుంది.